జాయింట్ల మురికి వదిలేలా టైల్స్ నేలను స్క్రబ్బింగ్ మిషన్‌తో కడగడం ఎలా?

టైల్స్ నేల మురికిగా కనిపిస్తున్నదంటే చాలా సందర్భాల్లో మురికి పట్టింది టైలుకు కాదు, రెండు టైల్స్ నడుమ ఉన్న జాయింటుకు. విట్రిఫైడ్ టైలు తన బరువులో అర శాతం నీటిని కూడా పీల్చుకోదు. సిమెంటుతో నింపిన జాయింటు మాత్రం కంటికి కనిపించని రంధ్రాలతో నిండి, టైలు మట్టం కంటే కొంచెం లోతుగా ఉండి, మాపు తోసుకువచ్చిన నీళ్ళనూ నూనెనూ దుమ్మునూ తనలోకి తీసుకుంటుంది. రోజూ రెండుపూటలా మాపు పెట్టే హోటల్లో కూడా గీతలు నల్లగా ఉండటానికి కారణం ఇదే. మాపు టైలు మీది మురికిని తీసుకుపోయి గీతలో వదులుతున్నది.

మిషను పెట్టినంత మాత్రాన ఈ మురికి పోదు. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ ఫంక్షన్ హాళ్ళలోనూ, 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట దగ్గరి హోటళ్ళలోనూ, 44వ నంబరు రహదారి మీద షాద్‌నగర్, జడ్చర్ల దగ్గరి హోటళ్ళలోనూ ఇప్పుడు మిషన్లు కనిపిస్తున్నాయి, కిరాయికి కూడా దొరుకుతున్నాయి. అయినా కడిగిన మూడో రోజుకే గీతలు మళ్ళీ నల్లబడితే లోపం సాధారణంగా రెండు చోట్ల ఉంటుంది: మిషను కింద బిగించే, జాయింటు లోపలికి దిగని గుండ్రని ప్యాడు వాడటం, రుద్దిన మురికి నీళ్ళను నేల మీదే ఆరనివ్వడం. ఈ రెండింటినీ సరిదిద్దుకుంటే మిగతా పనంతా ఓపికకు సంబంధించినది మాత్రమే.

ముందు నేలను చూడండి

మిషను తెప్పించే ముందే నేలనంతా ఒకసారి నడిచి చూడండి. మొదట చూడవలసింది జాయింటులో ఏముందన్నది. మన వైపు పాత ఇళ్ళలో, హాళ్ళలో మేస్త్రీలు టైల్స్‌ను దగ్గరగా ఆనించి పరచి, మిగిలిన సందులో వైట్ సిమెంటును నీళ్ళలా కలిపి పోసేవారు. అది జాయింట్లు నింపడానికని తయారుచేసే గ్రౌట్ కాదు. సంకోచించి పగుళ్ళిస్తుంది, పొడిపొడిగా రాలుతుంది. ఒక పాత స్క్రూడ్రైవర్ మొనతో గీత మీద మెల్లగా గీయండి. పిండిలా రాలితే గట్టి బ్రష్షు దాన్ని పూర్తిగా ఊడదీస్తుందని ముందే తెలుసుకోండి. అటువంటి నేలకు కడిగిన తరువాత మళ్ళీ జాయింట్లు నింపించే ఖర్చును కూడా కలిపి లెక్క వేసుకోవాలి. గీత గట్టిగా ఉంటే ఏ చింతా లేదు. ప్లాస్టిక్‌లా నున్నగా, గోరు దిగకుండా ఉంటే అది ఎపాక్సీ అనే రసాయన జిగురుతో చేసిన గ్రౌట్ కావచ్చు. దానికి మురికి పైపైనే పడుతుంది, తేలికగా వదులుతుంది.

కొత్తగా పరిచిన నేల అయితే తొందరపడకండి. సిమెంటు తన బలాన్ని పుంజుకోవడానికి 28 రోజులు పడుతుందని కట్టుబడి పని తెలిసిన వారందరికీ తెలుసు; ఆ గడువు లోపల జాయింట్ల మీద మిషను తిప్పకపోవడమే మంచిది.

తరువాత టైల్స్‌ను వేలి కణుపుతోనో చిన్న కర్రతోనో తట్టి వినండి. డొల్ల శబ్దం వచ్చిన చోట కింద సిమెంటు పట్టలేదని అర్థం. సుమారు 40 కిలోల బరువున్న మిషను దాని మీద తిరిగితే టైలు కదలవచ్చు, నీళ్ళు కిందికి దిగవచ్చు. ఆ టైల్స్‌కు సుద్దముక్కతో గుర్తు పెట్టి, వాటిని చేతి బ్రష్షుకు వదిలేయండి.

చివరగా, టైల్స్ పక్కన ఏ రాయి ఉందో చూడండి. దక్షిణ తెలంగాణలో ఈ విషయాన్ని తేలికగా తీసుకోవడానికి వీల్లేదు. హాలులో టైల్స్ ఉన్నా వరండాలో, మెట్ల మీద, వంటశాలలో తాండూరు బండలో షాబాదు బండలో ఉండటం మామూలే. ఆ రెండూ సున్నపురాళ్ళు. యాసిడ్ తగిలితే నురగలు కక్కి మెరుపు పోగొట్టుకుంటాయి, ఆ మచ్చ కడిగితే పోయేది కాదు. ఏ రాయో తెలియకపోతే ఎవరికీ కనబడని మూలన నాలుగు చుక్కల నిమ్మరసం వేసి కొన్ని నిమిషాలు ఆగి తుడవండి. ఆ చోటు వెలిసినట్లయితే అది సున్నపురాయి.

మిషను, బ్రష్షు

నేలకు ఒకే గుండ్రని బ్రష్షు ఉండే మిషను చాలు. 17 అంగుళాల బ్రష్షు, 1.5 హార్స్‌పవర్ మోటారు, నిమిషానికి 150 నుంచి 180 చుట్ల వేగం ఉన్నవి ఈ పనికి సరిపోతాయి. చిన్న ఇంటి గదుల్లో 13 అంగుళాలది తిప్పడం సులభం. నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరిగేవి పాలిష్ మిషన్లు. వాటిని నీళ్ళతో కడగడానికి వాడకూడదు. కిరాయి దుకాణంలో మిషను మీద అతికించిన రేకు మీద వేగం రాసి ఉంటుంది, చదివి తీసుకోండి.

ప్యాడ్ల రంగులకు ఒక లెక్క ఉంది. తెల్లది మెరుగు పెట్టడానికి, ఎర్రది తేలికపాటి తుడుపుకు, నీలం, ఆకుపచ్చ రంగువి రుద్దడానికి, గోధుమ, నలుపు రంగువి పాత పాలిష్ పొరను గీకి తీయడానికి. రంగు ముదిరిన కొద్దీ గరుకు పెరుగుతుంది. కానీ ఏ రంగు ప్యాడు అయినా బల్లపరుపుగానే ఉంటుంది. టైలు మట్టం మీద తిరుగుతుందే తప్ప లోతుగా ఉన్న గీతలోకి దిగదు. నల్ల ప్యాడు వేస్తే ఇంకా బాగా పోతుందని అనుకునేవారు జాయింటును వదిలేసి టైలు మీద మెరుపును మాత్రం గీకిపోస్తారు. పైన డిజైను అచ్చువేసిన గ్లేజ్డ్ టైల్స్‌కు ఈ నష్టం మరీ ఎక్కువ. కాబట్టి జాయింట్ల పనికి ప్యాడు హోల్డరును పక్కనపెట్టి నైలాన్ కుచ్చుల బ్రష్షును అడిగి తీసుకోండి. కుచ్చుల్లో గరుకు పొడి కలిపిన బ్రష్షులు కూడా ఉంటాయి. అవి వంటశాలల్లోని గరుకు టైల్స్‌కూ, పార్కింగ్ టైల్స్‌కూ పనికివస్తాయి, మెరిసే టైల్స్‌కు పనికిరావు. వాడి వాడి కుచ్చులు పక్కకు వాలిపోయిన బ్రష్షు ఇస్తే తిరిగి ఇచ్చేయండి, అది కూడా ప్యాడులాగే పైపైన తిరుగుతుంది.

వీటితోపాటు నీళ్ళు లాగే వాక్యూమ్ మిషను ఒకటి, పొడవాటి రబ్బరు వైపర్లు రెండు, మూలలకు నైలాన్ చేతి బ్రష్షు, రెండు బకెట్లు, శుభ్రమైన మాపులు, రబ్బరు చేతొడుగులు, కళ్ళద్దాలు, జారని అరికాలున్న బూట్లు సిద్ధం చేసుకోండి. ఇనుప తీగల బ్రష్షు వద్దు. దాని తునకలు గీతల్లో చిక్కి తుప్పు మరకలవుతాయి.

నీళ్ళు, మందు

నల్లగొండ బోరు నీళ్ళంటే అందరికీ ఫ్లోరైడే గుర్తుకు వస్తుంది. నేల మీద తెల్లటి పొర కట్టేది మాత్రం ఫ్లోరైడు కాదు, నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు. బోరు నీళ్ళు ఎంత గట్టివో చూడాలంటే స్నానపు సబ్బు కలిపి చూడండి. నురగ రాకుండా తెట్టె కడితే ఆ తెట్టే రేపు మీ నేల మీద ఉంటుంది. మొదటి తడుపుకు, రుద్దడానికి బోరు నీళ్ళు వాడుకున్నా, చివరిగా కడిగే నీళ్ళు మాత్రం మిషన్ భగీరథ నల్లా నీళ్ళో, కనీసం తక్కువ లవణాలున్న నీళ్ళో అయి ఉండాలి. ముందురోజే సంపులోనో డ్రమ్ముల్లోనో పట్టి ఉంచుకుంటే పని నడుమ ఆగదు.

నూనె, జిడ్డు, చెప్పుల మురికి పోవడానికి కావలసింది క్షార గుణమున్న క్లీనరు, అంటే పీహెచ్ 10 నుంచి 12 మధ్య ఉన్నది. టైల్స్, గ్రౌట్ కోసమని రాసి ఉన్న, నురగ తక్కువ వచ్చే క్లీనరును కొని, డబ్బా మీద చెప్పిన పాళ్ళలోనే కలపండి. బట్టలు ఉతికే సర్ఫ్ వేస్తే నురగ పొంగి వాక్యూమ్ మోటారులోకి పోతుంది. పైగా దాని జిగట గీతల్లో మిగిలి కొత్త దుమ్మును పట్టుకుంటుంది. క్లీనరు దొరకని ఊళ్ళో బట్టల సోడాను 10 లీటర్ల వేడినీళ్ళకు 100 గ్రాముల చొప్పున కలుపుకోవచ్చు. గట్టి బోరు నీళ్ళలో సోడా వేస్తే తెల్లటి మడ్డి విరిగి దిగుతుంది కాబట్టి దానికి కూడా నల్లా నీళ్ళే వాడండి.

యాసిడ్ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. బాత్రూం యాసిడ్ పేరుతో సీసాల్లో అమ్మేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. అది పోసినప్పుడు గీత తెల్లబడినట్లు కనిపించేది మురికి పోయినందుకు కాదు, సిమెంటు పై పొర కరిగిపోయినందుకు. అలా రంధ్రాలు పెద్దవైన జాయింటు తరువాత మరింత వేగంగా నల్లబడుతుంది. దాని ఆవిరి తలుపుల గడియలను, స్టీలు సామానును తుప్పు పట్టిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఒకే నేల మీద, ఒకే బకెట్లో ఎన్నడూ కలవనివ్వకండి. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. తలుపులు మూసి ఉన్న వంటశాలలో అది ప్రాణం తీయగలదు. నిన్న పనివాళ్ళు ఏది పోశారో తెలియని నేలను ముందు మంచినీళ్ళతో బాగా కడిగిన తరువాతే మీ మందు పోయండి.

కరెంటు

తడి నేల మీద నిలబడి 230 వోల్టుల మోటారును రెండు చేతులా పట్టుకుంటారు కనుక ఈ జాగ్రత్తను పని వేగం కోసం వదులుకోకండి. మిషనుకు మూడు పిన్నుల పెద్ద ప్లగ్గు, ఎర్తింగ్ సరిగా ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. ఆ లైనుకు, కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి; పాత హాళ్ళలో తరచుగా ఉండదు. ఎక్స్‌టెన్షన్ వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరై ఉండాలి, నడుమ టేపు చుట్టిన అతుకులు ఉండకూడదు. వైరును భుజం మీదుగా వెనక్కి వేసుకుని పనిచేస్తే బ్రష్షు కింద పడదు. జనరేటరు మీద వోల్టేజీ పడిపోతుంటే మోటారు వేడెక్కుతుంది, అప్పుడు ఆపేయడమే మేలు.

కడగడం

సామానంతా బయట పెట్టించి, ముందు పొడిగా ఊడ్చండి. ఈ దశను తొందరలో వదిలేస్తారు. పాలమూరు ఎర్ర చెలకల దుమ్ము, పార్కింగ్ నుంచి చెప్పులతో వచ్చే ఇసుక తడిస్తే బురదై జాయింట్లలోకే పోతుంది, బ్రష్షు కింద ఇసుక రేణువులు టైలును గీస్తాయి. వాక్యూమ్ ఉంటే పొడి దుమ్మును కూడా దానితో లాగించండి. గోడల అంచులు, స్విచ్‌బోర్డులు కిందికి ఉన్నచోట ప్లాస్టిక్ కవరు అతికించండి.

హాలునంతా ఒకేసారి తడపకండి. తలుపుకు దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి, పది పన్నెండు చదరపు గజాల ముక్కలుగా విడదీసుకుని తలుపు వైపుకు వెనక్కి రండి. మొదటి ముక్కను తలుపు వెనుక కనబడని చోట ప్రయోగంగా చేసి, ఆరిన తరువాత చూసి తృప్తి కలిగితేనే ముందుకు వెళ్ళండి. మందు కలిపిన నీళ్ళను జాయింట్లు మునిగేటట్లు పోసి 10 నుంచి 15 నిమిషాలు నాననివ్వండి. మురికిని వదిలించేది ఈ నానుడే, బ్రష్షు దాన్ని కదిలించి పైకి తెస్తుంది అంతే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పని పెట్టుకుంటే మందు నానేలోపే ఆరిపోతుంది, ఆరిన మందు దానికదే ఒక మరక. ఎండాకాలంలో తెల్లవారుజామున గాని రాత్రి గాని, ఫ్యాన్లు ఆపి చేసుకోవాలి. ఆరిపోతున్నట్లు కనిపిస్తే మరికొంచెం చల్లాలి.

నానుతుండగా మిషనును సిద్ధం చేయండి. ప్లగ్గు తీసి ఉంచి, మిషనును వెనక్కి వాల్చి, బ్రష్షును తిప్పి బిగించి, నిలబెట్టండి. హ్యాండిలును నడుము ఎత్తుకు దించి అక్కడే బిగించండి. అప్పుడు ప్లగ్గు పెట్టి, రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు కొంచెం ఎడంగా ఉంచి స్విచ్చు నొక్కండి. ఒంటి బ్రష్షు మిషనును తోయకూడదు, నడపాలి. చాలా మిషన్లలో హ్యాండిలును కొద్దిగా పైకెత్తితే అది కుడికి పోతుంది, కొద్దిగా కిందికి దించితే ఎడమకు పోతుంది, సమంగా పట్టుకుంటే ఉన్నచోటే తిరుగుతుంది. బలం పెట్టి ఆపాలని చూసేవారిని అది పొగరుమోతు ఎద్దులా ఈడ్చుకుపోతుంది. అప్పుడు చేయవలసింది పోట్లాడటం కాదు, స్విచ్చు వదిలేయడం. మొదటిసారి పట్టేవారు ఖాళీ పార్కింగ్‌లో, తడి నేల మీద కాసేపు అటూ ఇటూ నడిపి చేయి కుదిరాక లోపలికి రావడం మంచిది.

కుడి నుంచి ఎడమకు ఒక వరస, కొంచెం వెనక్కి జరిగి ఎడమ నుంచి కుడికి ఇంకో వరస, ప్రతి వరసా ముందుదాని మీద మూడోవంతు పడేటట్లు నెమ్మదిగా నడపండి. ఒక ముక్క పూర్తయిన తరువాత దాని మీదే అడ్డంగా మరోసారి తిప్పండి. జాయింట్లు నిలువుకూ అడ్డానికీ రెండు దిక్కుల్లోనూ ఉంటాయి, కుచ్చులు రెండు వైపుల నుంచీ లోపలికి దిగాలి. పైకి వచ్చిన నీళ్ళు నల్లని చాయ్ రంగుకు తిరిగితే పని జరుగుతున్నట్లు. ఆపినప్పుడల్లా బ్రష్షు మీదే మిషనును నిలిపి ఉంచకండి, వెనక్కి వాల్చండి. లేకపోతే కుచ్చులు వంగిపోతాయి. గుండ్రని బ్రష్షు మూలల్లోకి, గోడ వెంబడి చివరి గీతలోకి పోదు. అక్కడ మందు నాని ఉండగానే చేతి బ్రష్షుతో రుద్దించండి, ఆరాక రుద్దితే ఫలితం ఉండదు.

మురికి నీళ్ళను ఎత్తడం

రుద్దడం పూర్తయిన మరుక్షణం మొదలుకావలసిన పని ఇది. మీరు పైకి తెచ్చిన మురికి ఆ నీళ్ళలో తేలుతున్నది. పది నిమిషాలు వదిలితే బరువైనదంతా మళ్ళీ అత్యంత పల్లమైన చోటికి, అంటే జాయింటులోకే దిగిపోతుంది. అందుకే ఒకరు మిషను నడుపుతుంటే ఇంకొకరు వెనకాలే వాక్యూమ్‌తో లాగుతూ రావాలి. వాక్యూమ్ మూతిని గీతల వెంబడి నడపండి, అడ్డంగా కాదు. ట్యాంకు నిండగానే ఖాళీ చేయాలి. వాక్యూమ్ లేకపోతే ఇద్దరు మనుషులు వైపర్లతో మోరి వైపుకు తోసి, మిగిలినదాన్ని చేటలతో బకెట్లలోకి ఎత్తి, మాపుతో తీయాలి. నీళ్ళు జాలి వైపు వాలని నేలల్లో ఇది నిజంగా కష్టమైన పని. వాక్యూమ్ కిరాయి ఎక్కువనిపించినా దాన్ని మిగుల్చుకోకండి, మిషనును ఒక రోజుకు బదులు సగం రోజుకు తీసుకున్నా సరే.

తరువాత శుభ్రమైన నల్లా నీళ్ళు పోసి, మందు లేకుండా బ్రష్షును ఒకసారి తిప్పి మళ్ళీ లాగండి. వేళ్ళతో నేలను తాకినప్పుడు జారుడుగా, సబ్బులా అనిపిస్తే క్షారం ఇంకా మిగిలి ఉంది, మరోసారి కడగాలి. క్షారం మిగిలిన నేల దుమ్మును పట్టుకుంటుంది, జాయింటులోకి నీళ్ళు ఇంకకుండా చివర్లో పూసే సీలరును అంటనివ్వదు. మురికి నీళ్ళను చెట్ల మొదట్లో పోయకండి, మోరిలోకే వదలండి.

మిగిలిపోయే మరకలు

పెళ్ళిళ్ళ హాలులో క్షారపు మందు పోయగానే కొన్నిచోట్ల గీతలు ఎర్రగా మారితే బెదిరిపోకండి. అది పసుపు. పసుపులోని రంగు పదార్థం క్షారం తగిలితే ఎరుపుకు తిరుగుతుంది, కడిగి క్షారం పోయాక మళ్ళీ పసుపు పచ్చగా అవుతుంది. మిగిలిన ఛాయకు హైడ్రోజన్ పెరాక్సైడులో తడిపిన గుడ్డను కొంతసేపు వేసి ఉంచవచ్చు. ఎండ పడే చోటైతే కొద్ది రోజుల్లో ఎండే దాన్ని వెలిసిపోయేలా చేస్తుంది. ఎర్రమట్టి మరక మాత్రం ఇనుముది, దానికి బ్లీచింగ్ ఏమీ చేయలేదు. వంట నూనె గీతలోకి లోతుగా ఇంకిన చోట రెండో విడత క్షారపు మందు, వేడినీళ్ళు వాడి చూడండి. రెండు విడతలకూ రంగు మారకపోతే అక్కడ రుద్దడం ఆపేసి, ఆ గీతలను గీకించి కొత్త గ్రౌట్ నింపించడమే చవక.

సీలరు

కడిగిన నేల ఆరడానికి కనీసం ఒక రోజు, వానాకాలంలో రెండు రోజులు ఇవ్వండి. ఆరిన తరువాత ఒక గీత మీద నీటి చుక్క వేయండి. చుక్క నిలిచి ఉంటే పాత సీలరు ఇంకా పనిచేస్తున్నది. ఇంకిపోయి గీత ముదురు రంగుకు మారితే సీలరు కావాలి. లోపలికి ఇంకే రకాన్ని సన్నని కుంచెతో గీతల మీదే రాసి, టైలు మీద పడినదాన్ని ఐదు పది నిమిషాల్లో పొడి గుడ్డతో తుడిచేయండి, లేకపోతే అక్కడ మసక కడుతుంది. డబ్బా మీద చెప్పిన విరామం ఇచ్చి రెండో పూత వేయండి. ఎపాక్సీ గ్రౌట్‌కు సీలరు అవసరం లేదు. వంటశాల, చేతులు కడిగే చోటు, ప్రవేశ ద్వారం దగ్గర సీలరు ముందుగా అరిగిపోతుంది కనుక నీటి చుక్క పరీక్షను ఆరు నెలలకొకసారి అక్కడే చేసి చూడండి, నేలంతటికీ మళ్ళీ పూయవలసిన పని ఉండకపోవచ్చు.

మిషనును తిరిగి ఇచ్చే ముందు దానికి మందు ట్యాంకు ఉంటే ఖాళీ చేసి మంచినీళ్ళతో ఒకసారి తిప్పండి, బ్రష్షును విప్పి కుచ్చులు పైకి ఉండేలా ఆరబెట్టండి, వైరును తుడిచి ఎక్కడైనా కోసుకుపోయిందేమో చూసి చుట్టండి. మీ సొంత మిషనే అయితే వాక్యూమ్ ట్యాంకు మూత తెరిచి ఉంచండి, మూసి పెడితే రెండో రోజుకే వాసన వస్తుంది.